పంచాయతీ పైసలు గూడెం దాకా రావాలంటే: ముందు పంపకం ఠరావు (తీర్మానం), తర్వాతే పనుల జాబితా

ప్రశ్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా నుంచి వచ్చింది. అడిగినావిడ గ్రామ పంచాయతీ వార్డు సభ్యురాలు. పంచాయతీ కింద ఒక పెద్దూరు, మూడు గూడేలు ఉన్నాయి. ఏటా ఆర్థిక సంఘం పైసలు, ఆదివాసీ నిధి వస్తున్నాయి గానీ సిమెంటు రోడ్లూ లైట్లూ అన్నీ పెద్దూర్లోనే పడుతున్నాయి. గ్రామ సభలో అడిగితే "మీ గూడెం జనాభా ఎంత, మీ వాటా ఎంత" అని ఎదురు ప్రశ్న వేస్తున్నారు. కాగితాలన్నీ మరాఠీలో. ఎక్కడ పట్టుకోవాలి?

మీ సర్పంచ్ చెప్పే జనాభా లెక్కలో అబద్ధం లేదు. చిక్కు ఏమిటంటే ఆ లెక్క ఒక్కదానితోనే పంచితే చిన్న గూడేనికి పని అనేది ఎప్పటికీ రాదు. అది అంకెల్లో చూపిస్తాను. అంతకుముందు పంచాయతీ చేతిలో ఏయే పైసలు ఉంటాయో వేరు చేసుకుందాం. సభలో "ఫండ్ లేదు" అన్న మాట వచ్చినప్పుడు "ఏ ఫండ్?" అని అడగగలగాలి.

మొదటిది కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నిటికీ కలిపి 2,36,805 కోట్లు సిఫారసు చేసింది. ఇందులో 60 శాతం షరతుతో వచ్చేది: సగం పారిశుధ్యానికి, సగం తాగునీరు, వాననీటి నిల్వలకి. మిగతా 40 శాతం షరతు లేనిది. షరతు లేదన్నా జీతాలకి, ఆఫీసు ఖర్చులకి వాడకూడదు. మహారాష్ట్రలో ఈ గ్రాంటులో 80 శాతం గ్రామ పంచాయతీకి, 10 శాతం పంచాయత్ సమితికి, 10 శాతం జిల్లా పరిషత్‌కి వెళ్లింది. రెండు ఊళ్లను కలిపే పని పంచాయతీకి మోయలేనంత పెద్దదైతే పంచాయత్ సమితి సభ్యుణ్ణి ఆ 10 శాతంలోంచి అడగవచ్చు. చాలామంది అటు చూడరు. 2026 ఏప్రిల్‌తో 16వ ఆర్థిక సంఘం కాలం మొదలైంది కాబట్టి పాత గ్రాంటులో మిగిలిన నిల్వ ఎంత, కొత్తగా వచ్చింది ఎంత, దేనికి ఏ షరతు అని విడివిడిగా అడగండి. రెండూ కలిపి ఒకే అంకె చెబితే ఒప్పుకోకండి.

రెండోది మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది. సిరొంచ, అహేరి, ఏటపల్లి, ధానోరా, కుర్ఖేడా తాలూకాలు షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడి పంచాయతీలకి రాష్ట్ర ఆదివాసీ ఉపప్రణాళిక బడ్జెట్‌లో 5 శాతాన్ని నేరుగా ఇవ్వాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో నిర్ణయించింది. దీన్నే 'పేసా అబంధ్ నిధి' అంటున్నారు (పేసా అంటే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం, అబంధ్ అంటే షరతు లేనిది). ఇది పంచాయతీ ఖాతాలో ఆగిపోవలసిన డబ్బు కాదు, గ్రామ సభ కోశ్ (గ్రామ సభ సొంత నిధి) ఖాతాలోకి పోవాలి. మౌలిక సదుపాయాలు, అటవీ హక్కులూ పేసా చట్టాల అమలు, ఆరోగ్యం-పారిశుధ్యం-చదువు, అడవీ నీటి సంరక్షణ అనే నాలుగు రకాల పనులకి వాడుకోవచ్చు. గ్రామ సభ కోశ్ ఖాతా మీ గూడెం పేరు మీద ఉందా, పెద్దూరి పేరు మీద ఒక్కటే ఉందా అన్నది మొట్టమొదట తేల్చుకోండి.

మూడోది పంచాయతీ సొంత రాబడి: ఘర్‌పట్టీ (ఇంటి పన్ను), పాణీపట్టీ (నీటి పన్ను), బజారు వసూళ్లు. ఇది చిన్నదే కానీ దీని మీద ఒక కట్టు ఉంది. సొంత రాబడిలో 15 శాతం దళిత, ఆదివాసీ, వెనకబడిన వర్గాలకి, 10 శాతం మహిళా శిశు సంక్షేమానికి, 5 శాతం వికలాంగులకి ఖర్చు పెట్టాలి. వసూలు 2 లక్షలు అయితే 30 వేలు, 20 వేలు, 10 వేలు అన్నమాట. వీల్‌చైరుకో, అంగన్‌వాడీ గిన్నెలకో, గూడెంలో బోరింగు రిపేరుకో ఆ మొత్తం చాలు. ఆర్థిక సంఘం గ్రాంటు ఈ లెక్కలోకి రాదు. రెండూ కలిపి చూపించి "ఖర్చు పెట్టేశాం" అంటే లెక్క తప్పు.

ఇవి కాక ఊళ్లో చిన్న చిన్న ఖాతాలు ఉంటాయి, వాటి సంగతి ఎవరూ అడగరు. గ్రామ ఆరోగ్య కమిటీకి ఏటా కొంత మొత్తం. బడికి సమగ్ర శిక్ష కింద పిల్లల సంఖ్యను బట్టి గ్రాంటు: 30 మంది లోపు ఉంటే 10,000, 100 మంది దాకా 25,000, 250 దాకా 50,000. ఇందులో కనీసం 10 శాతం శుభ్రతకి. బడి కమిటీలో 75 శాతం తల్లిదండ్రులే ఉండాలని 2009 విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. గూడెం బడి మరుగుదొడ్డి తలుపు కోసం పంచాయతీ చుట్టూ తిరగక్కర్లేదు, అది ఆ కమిటీ పని.

ఇక పంపకం. ఊహకి ఒక పంచాయతీ తీసుకుందాం. జనాభా 3,000. పెద్దూరు 1,800, మొదటి గూడెం 700, రెండోది 350, మూడోది 150. ఏడాదికి ఆర్థిక సంఘం గ్రాంటు 10 లక్షలు అనుకుంటే, 15వ సంఘం లెక్కన పారిశుధ్యం 3, నీళ్లు 3, షరతు లేనిది 4 లక్షలు. ఈ 4 లక్షల్ని జనాభా లెక్కన పంచితే మూడో గూడేనికి 5 శాతం, అంటే 20,000. ఆ 20,000తో వాగు మీద తూము పడదు, మోరీ కట్టలేం. అందుకని ఆ మొత్తాన్ని "చిన్న పనులు" పేరుతో పెద్దూరి ఖాతాలోనే కలిపేస్తారు. న్యాయంగా పంచినట్టే కనిపిస్తుంది, గూడేనికి మాత్రం ఏమీ చేరదు.

దీనికి చేయాల్సింది రెండు మార్పులు. ఒకటి, జనాభాకి తోడు కొరతకీ దూరానికీ మార్కులు వేయడం. రెండు, గూడేల వాటాల్ని కలిపి వంతుల వారీగా ఖర్చు పెట్టడం.

మార్కులు ఇలా వేయండి. ఐదు అంశాలు: తాగునీరు 500 మీటర్లలో ఉందా, వానాకాలం బండి పోతుందా, అంగన్‌వాడీ గూడెంలోనే ఉందా, కరెంటు-వీధి లైట్లు ఉన్నాయా, ఆరోగ్య ఉపకేంద్రం నర్సు వస్తుందా. పూర్తిగా ఉంటే 0, సగం ఉంటే 1, లేకపోతే 2. పదికి ఎన్ని వస్తే అంత కొరత. మన ఊహా పంచాయతీలో పెద్దూరికి 2, గూడేలకి వరసగా 4, 6, 8 వచ్చాయనుకోండి. మొత్తం 20 కాబట్టి కొరత వాటాలు 10, 20, 30, 40 శాతం. పంచాయతీ ఆఫీసు నుంచి దూరం 0, 2, 5, 8 కిలోమీటర్లు అయితే దూరం వాటాలు 0, 13.3, 33.3, 53.3 శాతం.

ఇప్పుడు దేనికెంత బరువు? జనాభాకి 50, కొరతకి 30, దూరానికి 20 వేస్తే మూడో గూడేనికి లక్ష దాటుతుంది. 1,800 మంది ఉన్న పెద్దూరికి 1.32 లక్షలే మిగులుతుంది. ఈ ఠరావు సభలో నెగ్గదు, నెగ్గినా మరుసటి ఏడు తిరగబడుతుంది. ఓట్లు పెద్దూర్లో ఉన్నాయి మరి. 70-20-10 వేసి చూడండి. పెద్దూరికి 44 శాతం, గూడేలకి 21.67, 17.5, 16.83 శాతం. 4 లక్షల్లో పెద్దూరికి 1,76,000, మొదటి గూడేనికి 86,667, రెండోదానికి 70,000, మూడోదానికి 67,333. పెద్దూరు అందరికన్నా ఎక్కువే తీసుకుంటుంది, మూడో గూడెం 20 వేల నుంచి 67 వేలకి వస్తుంది. ఇలాంటిది నెగ్గుతుంది. "జనాభా కాక ఇంకో కొలత ఎక్కడుంది" అని ఎవరైనా అంటే, 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల మధ్య ఈ గ్రాంటును పంచిందే 90 శాతం జనాభా, 10 శాతం విస్తీర్ణం లెక్కన అని చెప్పండి. ఢిల్లీలో చెల్లిన పద్ధతి పంచాయతీలో ఎందుకు చెల్లదు?

67 వేలు కూడా తూముకి చాలకపోవచ్చు. కూడబెడదామంటే నిల్వ పేరుకుందని పైనుంచి ఒత్తిడి వస్తుంది, మధ్యలో ఎవరో ఒకరు దాన్ని వేరే పనికి మళ్లిస్తారు. అందుకే వంతులు. మూడు గూడేల వాటాలు కలిపితే ఏడాదికి 2,24,000. మొదటి ఏడు కొరత ఎక్కువున్న మూడో గూడేనికి మొత్తం, రెండో ఏడు రెండోదానికి, మూడో ఏడు మొదటిదానికి. మూడేళ్లకి న్యాయంగా రావాల్సింది 2,60,000, 2,10,000, 2,02,000 కాగా ఒక్కోదానికి 2,24,000 అందింది. మొదటి గూడేనికి 36,000 బాకీ, మిగతా రెండూ 14,000, 22,000 ఎక్కువ తీసుకున్నాయి. ఈ బాకీని ఒక పుస్తకంలో రాసి నాలుగో ఏడు సరిచేయాలి. వంతు వరస, బాకీ లెక్క రెండూ ఠరావులోనే ఉండాలి. మాట మీద నడిపితే సర్పంచ్ మారగానే వంతు పోతుంది.

ఇదంతా పనుల పేర్లు బయటికి రాకముందే జరగాలి. ఎవరి వీధి రోడ్డు ఏమిటో తెలిశాక ఏ సూత్రానికీ ఎవరూ ఒప్పుకోరు. కొత్త ఏడాది ప్రణాళిక కసరత్తు అక్టోబరు 2 గ్రామ సభతో ఊపందుకుంటుంది. కాబట్టి పంపకం ఠరావు ఆగస్టు 15 సభలో పెట్టండి, పనుల జాబితా అక్టోబరులో. ప్రతి గ్రామ సభకి ముందు మహిళా సభ జరపాలన్నది మహారాష్ట్రలో నియమం. నీళ్ల పని, అంగన్‌వాడీ పని అక్కడ ఠరావు అయి వస్తే గ్రామ సభలో కొట్టేయడం కష్టం. ప్రణాళికలో ఎక్కని పనికి ఇ-గ్రామ్‌స్వరాజ్‌లో (పంచాయతీ లెక్కల ప్రభుత్వ సైటు) బిల్లు పడదు. "తర్వాత చూద్దాం" అంటే ఆ ఏడాదికి లేనట్టే.

పని అడిగేటప్పుడు "మా గూడేనికి తూము కావాలి" అని రాస్తే జూనియర్ ఇంజనీరు ఎస్టిమేట్ వేయడానికి ఆర్నెల్లు తిరుగుతారు. ఇలా రాయండి: ఏ వాగు, ఏ ఇంటి దగ్గర, దారి వెడల్పు ఎంత, వానాకాలం నీళ్లు ఎంత ఎత్తు వస్తాయి, ఎన్ని ఇళ్లు, భూమి ఎవరిది, అటవీ శాఖదైతే అనుమతి స్థితి ఏమిటి. చిన్న వాగుకి 900 మిల్లీమీటర్ల వ్యాసం సిమెంటు తూములు, ఒక్కోటి 2.5 మీటర్లు, వరసగా మూడు వేస్తే 7.5 మీటర్ల దారి దాటుతుంది. తూము పైన కనీసం 60 సెంటీమీటర్ల మట్టి కప్పు ఉండాలి. అంత కప్పు లేకపోతే ట్రాక్టరు బరువుకే పగులుతుంది, రెండు కొసలకీ రాతి గోడ కట్టకపోతే మొదటి వరదకే పక్కనున్న మట్టి కొట్టుకుపోయి తూము ఒక్కటే వాగులో మిగులుతుంది. ఎస్టిమేట్‌లో కోత పెట్టేటప్పుడు మొదట ఎగిరిపోయేది ఆ కొస గోడే. మిగతా ఏది తగ్గించినా అది తగ్గించనివ్వకండి.

డబ్బు విషయంలో ఒక లెక్క ముందే తెలిసుండాలి. 3 లక్షలు మంజూరైతే 3 లక్షల పని జరగదు. 18 శాతం జీఎస్టీ అందులోనే ఉంటే అసలు పని విలువ 2,54,000 చిల్లర. దాని మీద కార్మిక సంక్షేమ సెస్ 1 శాతం. ఆదాయపు పన్ను కోత వ్యక్తి కాంట్రాక్టరైతే 1 శాతం, సంస్థయితే 2 శాతం. కాంట్రాక్టు విలువ జీఎస్టీ కాకుండా రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ కోత ఇంకో 2 శాతం. ఆదాయపు పన్ను, జీఎస్టీ కోతలు కాంట్రాక్టరు తన పన్నులో తిరిగి సర్దుకునేవే, వాటిని చూపి పని తగ్గించడానికి వీల్లేదు. 18 శాతం జీఎస్టీ, 1 శాతం సెస్ మాత్రం నిజంగానే పోతాయి. గూడెం వాళ్లు "3 లక్షలు మింగేశారు" అని మొదలుపెడితే, ఈ ఒక్క లెక్క చూపించి మొత్తం ఫిర్యాదును పక్కన పెట్టేస్తారు.

అసలు మింగేది ఎక్కడంటే కొలతలో. సిమెంటు రోడ్డు ఉదాహరణ చూడండి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనమీటర్ల కాంక్రీటు. ఎం-20 రకానికి ఘనమీటరుకి సుమారు 8 బస్తాలు వేసుకుంటే 360 బస్తాల సిమెంటు. మందం 10 సెంటీమీటర్లకి తగ్గిస్తే 30 ఘనమీటర్లే పడుతుంది, 120 బస్తాలు మిగిలిపోతాయి. పైనుంచి చూస్తే రెండు రోడ్లూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి కాంక్రీటు పోసే రోజు పొద్దున్నే పక్క పలకల ఎత్తు టేపుతో కొలిచి, టేపు అంకె కనిపించేలా ఫోటో తీయండి. మధ్యలో మట్టి ఉబ్బెత్తుగా వదిలేసి అంచుల్లో మాత్రం 15 చూపించడం మామూలుగా జరిగేదే. అందుకని రెండు పలకల మీద అడ్డంగా దారం లాగి, మధ్యలో దారం నుంచి నేల దాకా కూడా కొలవాలి. బస్తాలు లెక్కపెట్టడం కన్నా ఇది సులువు, దీనికి జవాబు చెప్పడం వాళ్లకి కష్టం. తర్వాత పది రోజులు గోనె సంచులు పరిచి తడుపుతున్నారా లేదా అన్నది చూడటానికి ఇంజనీరు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు ఆయుధం. 1996 పేసా చట్టం 4వ సెక్షన్‌లోని 'ఎఫ్' అంశం ప్రకారం పంచాయతీ తన ప్రణాళికలకీ పనులకీ పెట్టిన ఖర్చుకి గ్రామ సభ దగ్గర వినియోగ ధ్రువపత్రం తీసుకోవాలి. దానికి ముందున్న 'ఇ' అంశం ప్రకారం ప్రణాళికకి ముందస్తు ఆమోదమూ గ్రామ సభదే, లబ్ధిదారుల ఎంపికా గ్రామ సభదే. 'బి' అంశంలో గ్రామం అంటే రెవెన్యూ గ్రామం అని లేదు, ఒక గూడెం లేదా కొన్ని గూడేల సమూహం అని ఉంది. అంటే మీ గూడెం వేరే గ్రామంగా నమోదైతే దాని గ్రామ సభ వేరు, కోశ్ వేరు, ధ్రువపత్రం మీద సంతకమూ వేరు. మహారాష్ట్రలో 2014 పేసా నియమాల కింద దీనికి దారి ఉంది: గూడెంలోని ఓటర్లలో సగానికి మించి ఠరావు చేసి ఉపవిభాగ అధికారికి పంపాలి, ఆయన విచారణ జరిపి పైకి పంపుతారు. పెద్దూరితో పోట్లాడి ఏటా ఒక రోడ్డు సాధించడం కన్నా ఈ ఒక్క పని మీద ఒక ఏడాది పెట్టడం మేలని నా అభిప్రాయం. ఇంకొకటి, పేసా గ్రామ సభకి అధ్యక్షత ఎవరు వహించాలో నియమాల్లో చూసి సభలో అడగండి.  

ధ్రువపత్రం ఇచ్చే ముందు సభలో నాలుగు కాగితాలు బల్ల మీద పెట్టమనండి: పని ఎస్టిమేట్, ఇంజనీరు కొలతల పుస్తకంలో (ఎంబీ) ఆ పని పేజీ, చెల్లింపు వోచరు, ఖాతా స్టేట్‌మెంటు. ఎంబీలో పొడవు, వెడల్పు, మందం మూడు గళ్లు ఉంటాయి. మీ ఫోటోలోని అంకె పక్కన పెట్టి చూడండి. సరిపోతే అక్కడికక్కడే ధ్రువపత్రం ఇవ్వండి, ఊరికే ఆపి పెట్టుకుంటే తర్వాతి విడతకి ఇబ్బంది పడేది మీ పంచాయతీయే. సరిపోకపోతే "ఇవ్వం" అని మాత్రం రాయకండి. "పొడవు 100కి 82 మీటర్లు ఉంది, మిగతా 18 మీటర్లు పూర్తయ్యాక ధ్రువపత్రం ఇస్తాం" అని కొలతతో రాయండి. కారణం లేని నిరాకరణను బీడీఓ పక్కన పెడతారు, కొలతతో ఉన్నదాన్ని మళ్లీ కొలవకుండా పక్కన పెట్టలేరు. ప్రతిని జిల్లా పరిషత్ ముఖ్య కార్యనిర్వహణాధికారికి కూడా పంపి ముట్టినట్టు సంతకం తీసుకోండి.

ఇందులో ఎక్కువగా దెబ్బతినేది రిజిస్టరు దగ్గర. హాజరు సంతకాలు ముందు తీసుకుని, ఠరావు తీరిగ్గా తర్వాత రాసుకుంటారు. సభ ముగిసేలోగా ఠరావు పూర్తిగా రాయించి, చివరి వాక్యం కింద అడ్డగీత కొట్టించి, ఆ తర్వాతే సంతకాలు. సంతకాల కింద కూడా ఒక గీత. ఆ పేజీ ఫోటో అక్కడే తీసుకోండి.

మరాఠీ సంగతి. రికార్డు మరాఠీలో ఉండటం తప్పదు, దాన్ని తెలుగులో రాయమని పట్టుపడితే సభ అక్కడే ఆగిపోతుంది. రాసింది తెలుగులో చదివి వినిపించమని అడగండి, వినిపించారన్న మాట మరాఠీలోనే ఠరావు చివర రాయించండి. ఆ ఒక్క వాక్యం ఉంటే రేపు "మాకు చెప్పిందొకటి, రాసిందొకటి" అన్న ఫిర్యాదుకి బలం వస్తుంది. మనవాళ్లు మరిచిపోయే సంగతి ఇంకోటుంది: మాడియా ఆదివాసీల గూడెంలో తెలుగు కూడా పైవాళ్ల భాషే. మరాఠీ అర్థం కాలేదని సభలో మనం గొడవ చేస్తాం, మన తెలుగు అర్థంకాక వెనక కూర్చున్న మాడియా ఆడవాళ్ల సంతకాలు మాత్రం తీసుకుంటాం. మాటలు అటూ ఇటూ చేర్చే మనిషిని వాళ్ల గూడెం నుంచే పెట్టుకోవాలి.

నీళ్ల పైసల మీద కొంచెం. షరతుతో వచ్చే నీళ్ల గ్రాంటును కొత్త బోర్లకే వాడాలని లేదు, ఉన్న పథకాన్ని నడపడానికీ వాడవచ్చు. 150 మంది గూడేనికి జల్ జీవన్ (కుళాయి నీళ్ల కేంద్ర పథకం) కొలత ప్రకారం మనిషికి 55 లీటర్లు అంటే రోజుకి 8,250 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకు రోజుకి రెండుసార్లు నిండితే సరిపోతుంది. సోలార్ పంపు అయితే వానాకాలం మబ్బు రోజుల్లో రెండోసారి నిండదు, కాబట్టి పక్కన చేతిపంపు తీసేయనివ్వకండి. 5,000 లీటర్లకి 30 నుంచి 40 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు చాలు. మూత తీసి నెలల తరబడి పెట్టింది పనిచేయదు. జల్ జీవన్ కింద ఊరి లోపలి పనుల్లో జనం వాటా మామూలుగా 10 శాతం, కొండ అటవీ ప్రాంతాల్లోనూ దళిత ఆదివాసీ జనాభా సగం దాటిన ఊళ్లలోనూ 5 శాతమే. మీ గూడెంలో 10 వసూలు చేశారేమో అడగండి. పారిశుధ్యం వాటా నిజంగా మిగిలిపోతుంటే, ఆ అవసరం పూర్తిగా తీరిందని తేల్చి నీళ్లకి మళ్లించుకునే వీలు 15వ ఆర్థిక సంఘం నిబంధనల్లోనే ఉంది. పెద్దూర్లో మోరీలు కట్టేశాం కాబట్టి తీరిపోయింది అనకూడదు, గూడేలతో సహా తీరాలి.

గనుల పైసలు మరో సంచి. 2015 గనుల చట్ట సవరణతో జిల్లా ఖనిజ ప్రతిష్ఠానాలు వచ్చాయి. పాత లీజుదారులు రాయల్టీ మీద అదనంగా 30 శాతం, వేలంలో లీజు తీసుకున్నవాళ్లు 10 శాతం అందులో జమ చేయాలి. గడ్చిరోలిలో సుర్జాగడ్ ఇనుప ఖనిజం, చంద్రపూర్‌లో బొగ్గు, సున్నపురాయి ఉన్నాయి కాబట్టి ఇది చిన్న మొత్తం కాదు. ఎక్కువ భాగం తాగునీరు, ఆరోగ్యం, చదువు, మహిళా శిశు సంక్షేమం లాంటి ప్రాధాన్య రంగాలకే పోవాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆ ప్రణాళికలకి గ్రామ సభ ఆమోదం కావాలి, ఏడాది ముగిశాక పనుల నివేదిక గ్రామ సభ ముందు పెట్టాలి. సిరొంచ గనికి దూరమే, మొదటి వాటా గని చుట్టుపక్కల ఊళ్లదే. ఏటపల్లి వైపు బంధువులుంటే మాత్రం ఈ ఆమోదం సంగతి వాళ్ల చెవిన వేయండి.

తునికాకు గురించి విడిగా రాయాలి కానీ ఒక్క హెచ్చరిక. గ్రామ సభే వేలం వేసుకునే చోట ఆకు కోసినవాళ్ల కూలీ వేరు, గ్రామ సభకి వచ్చే రాయల్టీ వేరు. రెండూ ఒకే ఖాతాలో పడితే వ్యాపారి చివరి విడత ఎగ్గొట్టినప్పుడు కూలీ డబ్బు రాయల్టీ గోతిలో పోతుంది. డిపాజిట్ ముట్టకుండా ఫడీ (ఆకు సేకరించే చోటు) నుంచి ఒక్క బస్తా కూడా కదలనివ్వకూడదు.

లెక్కలు చూడటానికి లాగిన్ అక్కర్లేదు. ఇ-గ్రామ్‌స్వరాజ్ సైట్లో రాష్ట్రం, జిల్లా, పంచాయత్ సమితి, పంచాయతీ ఎంచుకుంటే ఆ ఏడు ఆమోదించిన ప్రణాళిక, వచ్చింది, ఖర్చయింది కనిపిస్తాయి. చెల్లింపు అక్కడ కనిపించి పని నేల మీద లేకపోతే అది మీ మొదటి కాగితం. పని అయ్యి చెల్లింపు లేకపోతే వెంటనే అనుమానపడకండి. సర్పంచ్‌దో గ్రామ్‌సేవక్‌దో (పంచాయతీ కార్యదర్శి) డిజిటల్ సంతకం గడువు తీరిపోయి ఆగి ఉండవచ్చు, కొత్త సర్పంచ్ వచ్చినప్పుడల్లా ఇది జరుగుతుంది. సైట్లో లేనిదాని కోసం సమాచార హక్కు దరఖాస్తు, ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. "లెక్కలన్నీ ఇవ్వండి" అని రాస్తే వందల పేజీల ఖర్చు చూపిస్తారు. పని పేరు, ఏడాది, కావాల్సింది ఎంబీ పేజీ, వోచరు అని రాయండి.

నాందేడ్ వైపు దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వాళ్లకి పేసా వర్తించదు. కిన్వట్‌లో కొన్ని ఊళ్లకే ఉంది. పంపకం సూత్రం, వంతులు, 15-10-5 శాతాలు, కొలతలు వాళ్లకీ అలాగే పనికొస్తాయి, ధ్రువపత్రం ఆయుధం మాత్రం లేదు.

ఒడిశాలో చదివేవాళ్ల కోసం తేడాలు చెబుతాను. అక్కడ గ్రామ సభ కన్నా ముందు పల్లీ సభ, ప్రతి ఊరికీ విడిగా, ఏటా ఫిబ్రవరిలో. చిన్న ఊళ్లకి అది మహారాష్ట్రలో లేని సౌకర్యం, గూడెం పని అక్కడే ఎక్కించాలి. రాయగడ, కోరాపుట్, మల్కనగిరి జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి గునుపూర్, జయపురం వాళ్లకి పేసా ఉంది. గజపతిలో ఆర్.ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులకే ఉంది, పర్లాకిమిడి చుట్టూ గోసాని, కాశీనగర్ మైదానానికి లేదు. సొంత రాబడిలో ఇంటి పన్ను కన్నా సైరాత్ ముఖ్యం: చెరువులు, సంతలు, రేవులు, తోటల కౌలు. ఏ చెరువు ఎంతకి ఎవరికి పోయిందో పాట రోజునే రాయించుకోండి, తర్వాత ఆ అంకె తగ్గుతూ వస్తుంది. కోరాపుట్, రాయగడల్లో బాక్సైట్ ఉంది కాబట్టి ఖనిజ ప్రతిష్ఠానం లెక్కలు తప్పకుండా అడగాలి. సమాచార హక్కు దరఖాస్తు మాత్రం అక్కడ తెల్ల కాగితం మీద రాస్తే తిప్పి పంపుతారు, ఫారం 'ఎ'లోనే నింపి పౌరసత్వానికి గుర్తింపు పత్రం నకలు జతచేయండి.